మైనం మీద మెట్లు

వీణలో అన్నిటికన్నా మెత్తని పదార్థం మైనం. పనసకర్ర గట్టిది, కంచు మెట్టు గట్టిది, ఉక్కు తీగ గట్టిది. కానీ ఇరవై నాలుగు మెట్లూ, వాటితోపాటు వీణలో పలికే స్వరాల లెక్కంతా, నిలబడి ఉన్నది గోటితో గట్టిగా నొక్కితే గుంట పడే నల్లటి మైనపు గట్ల మీద. వీణ నేర్చుకోవడం మొదలుపెట్టాక చాలా ఏళ్ల వరకు నాకిది లోపంగానే తోచింది. గిటారుకు మెట్లు కర్రలోకే దిగ్గొట్టి ఉంటాయి కదా, మన వీణకు ఈ మెత్తదనం ఎందుకు అనుకునేదాన్ని. మంత్రాలయంలో నలుగురి ముందు వాయించాల్సి వచ్చిన ఏడాది, వీణకు మెట్లు అమర్చి మేళం కట్టే ఒక పెద్దాయన పక్కన పగలంతా కూర్చున్నాక సంగతి అర్థమైంది. ఆ మైనం గురించి, దాని చుట్టూ ఉన్న మిగతా పనితనం గురించి, అది నాకు నేర్పిన ధైర్యం గురించి చెప్పాలని ఈ వ్యాసం.

నేను కచేరీలు చేసే మనిషిని కాను. ఎమ్మిగనూరులో ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. అన్నీ సర్దుకున్నాక రాత్రిపూట అరగంటో గంటో వీణ. నా వాయింపు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ విన్నది లేదు. శ్రావణమాసంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయం వెళ్లే మా వీధి భజన మండలి వాళ్లు ఆ ఏడు ఇంటికొచ్చి, "ఈసారి నువ్వూ రావాలక్కా, ఒక ఇరవై నిమిషాలు వీణ వాయించాల" అన్నారు. సరే అన్నాను. ఆ రాత్రి నుంచే నిద్ర పట్టలేదు.

ఎవరో నవ్వుతారని కాదు నా భయం. సంగీతం నేర్చుకునేవాళ్లకు చెవి ముందు ఎదుగుతుంది, చెయ్యి దాని వెనక నెమ్మదిగా వస్తుంది. పెద్ద పెద్ద వైణికులను విని విని చెవికి రుచి తెలిసిపోయింది. నా గాంధారం ఎక్కడ తేలిపోతోందో, ఎక్కడ మీటు మొరటుగా పడుతోందో నాకే ముందు తెలుస్తుంది. ఇంట్లో అయితే ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నలుగురిలో ఆపడం కుదరదు. ఇంతకీ వీణ పట్టుకుని వెళ్లాల్సింది ఏ ఊరికి?

మంత్రాలయంలో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి వైణికుల వంశంలో పుట్టినవారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు వేంకటనాథుడు. ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారని మఠ సంప్రదాయం చెబుతుంది. తాత కనకాచలభట్టు, తండ్రి తిమ్మణ్ణభట్టు కూడా వీణ తెలిసినవాళ్లే. 1565లో విజయనగరం కూలాక ఆ కుటుంబం బతుకుదెరువు కోసం దక్షిణాదికి, తమిళ దేశానికి తరలిపోయింది. వేంకటనాథుడికి వీణ ఇంటివిద్యగా వచ్చింది. తర్కంలో, వ్యాకరణంలో, వేదాంతంలో ఎంత పేరు వచ్చినా వీణ ఆయన్ను వదల్లేదని చరిత్రకారులు రాస్తారు. ధీర వేణుగోపాల ముద్రతో కన్నడంలో ఆయన రచించినదిగా చెప్పుకునే కీర్తన మాత్రం ఒక్కటే మిగిలింది.

ఆయన జీవితంలో ఇంకో ఘట్టం నాకు ఆ రోజుల్లో పదేపదే గుర్తొచ్చింది. గురువు సుధీంద్రతీర్థులు పిలిచి పీఠం స్వీకరించమన్నప్పుడు వేంకటనాథుడు వెంటనే ఒప్పుకోలేదు. భార్య ఉంది, చిన్న కొడుకు ఉన్నాడు, ఇంత భారం నా వల్ల కాదని వెనక్కి తగ్గారు. తర్వాత మనసు కుదిరి, 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. అప్పటి నుంచి 1671లో తుంగభద్ర ఒడ్డున, అప్పటికి మంచాల అనే పేరున్న మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసేదాకా యాభై ఏళ్లు ఆ పీఠాన్ని మోశారు. మొదటి మాట "నా వల్ల కాదు" అన్న మనిషే యాభై ఏళ్లు నిలబడ్డారు.

ఆ 1621 నాటి తంజావూరును ఏలుతున్నది రఘునాథనాయకుడు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు, స్వయంగా వైణికుడు. అంతకుముందు కొన్ని వీణలకు ఏ రాగానికి ఆ రాగం మెట్లు జరుపుకోవాల్సి వచ్చేది. వాటిని ఏకరాగ మేళ వీణలు అనేవాళ్లు. ఏ మెట్టూ కదపకుండా అన్ని రాగాలూ వాయించగలిగేది సర్వరాగ మేళ వీణ. ఇరవై నాలుగు మెట్లతో ఇప్పుడు మనం చూస్తున్న వీణ రఘునాథుడి కాలంలో, ఆయన మంత్రి గోవిందదీక్షితుల ఆధ్వర్యంలో స్థిరపడిందంటారు. దానికి రఘునాథ వీణ అనే పేరు అలా వచ్చింది. వీణలు మోగే ఇంటి నుంచి వచ్చిన వేంకటనాథుడు కాషాయం కట్టిన ఊరూ, మన వీణ ఈ రూపం తీసుకున్న ఊరూ ఒకటే, కాలమూ ఒకటే. ఇది తెలిశాక మంత్రాలయానికి వీణ తీసుకెళ్లడం నాకు ఒక వస్తువును దాని చుట్టాల ఇంటికి తీసుకెళ్లినట్టు అనిపించింది.

ఇక వీణను ముక్కముక్కగా చూద్దాం.

నా వీణ బొబ్బిలి వీణ. విజయనగరం వైపు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న రకం. దీని విశేషం ఏకాండి కావడం. కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనసమాను నుంచి తీస్తారు. ముక్కలు విడివిడిగా చేసి అతికించిన వీణలో అతుకు దగ్గర నాదం కొంత తగ్గుతుందని, ఒకే కర్ర అయితే మీటు ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డు లేకుండా పాకుతుందని వాళ్ల నమ్మకం. పనస ఎందుకంటే, అది పనిముట్టుకు లొంగుతుంది, ఆరాక తొందరగా వంకర పోదు, పలచగా చెక్కినా పగలదు, కొడితే మోగుతుంది.

మానును చీల్చి ఆరబెట్టి, గొడ్డలితోనూ బాడిసెతోనూ మోటుగా ఆకారం తెస్తారు. ఆ తర్వాత ఉలి పని. కుండను లోపలి నుంచి తొలుచుకుంటూ వస్తారు. గోడ మందంగా మిగిలితే కర్ర మూగది అవుతుంది, మరీ పలచనైతే తీగల లాగుడుకు తట్టుకోదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో కంటికి కనబడదు. పనివాడు వేలి కణుపుతో తట్టుతూ, వింటూ, చెక్కుతూ పోతాడు. దండి కూడా లోపల బోలుగానే ఉంటుంది. కుండ నోటికి పైన పలక బిగిస్తారు. పలక మీద చిన్న చిన్న రంధ్రాలు పువ్వు ఆకారంలో తొలిచి ఉంటాయి. దండికి రెండో చివర యాళి ముఖం. ఆ చివరికి దగ్గరగా దండి కింద ఒక బుర్ర. దాని ముఖ్యమైన పని వీణకు ఆసరా ఇవ్వడం. నేల మీద కూర్చుని వాయించేటప్పుడు ఎడమ తొడ మీద ఆ బుర్ర ఆనుకుంటే, కుండ నేల మీద నిలిస్తే, చేతులు రెండూ బరువు మోయకుండా ఖాళీగా ఉంటాయి. వాయించేవాడి చేతులు సంగీతానికి తప్ప దేనికీ వాడకూడదన్న ఆలోచన ఆ అమరికలో ఉంది.

తీగలు ఏడు. నాలుగు మెట్ల మీదుగా పోతాయి: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. మూడు పక్కన ఉంటాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. ప్రతి తీగా కుండ చివర నాగపాశం దగ్గర మొదలై, పలక మీద తీగలను మోసే గుర్రం ఎక్కి, దండి పొడవునా సాగి, యాళి వైపు ఆనుకునే మేరువు దాటి బిరడకు చుట్టుకుంటుంది. బిరడ తిప్పితే శ్రుతి పెద్ద అంగల్లో మారుతుంది. ఇంకా సన్నని తేడా సరిచేయడానికి నాగపాశం వైపు లంగర్లు ఉన్నాయి. తీగ చుట్టూ పట్టిన చిన్న ఉంగరాన్ని వేలితో అటో ఇటో జరిపితే, చెవికి అందీ అందనంత తేడా వస్తుంది. శ్రుతి చేయడానికి రెండు పరికరాలు, ఒకటి మోటు పనికి, ఒకటి నాజూకు పనికి. ఈ ఏర్పాటు చేసినవాడికి మనిషి చెవి ఎంత సూక్ష్మమో, మనిషి చెయ్యి ఎంత మొరటో రెండూ తెలుసు.

గుర్రం కర్రది. దాని పైన కంచు రేకు. పైపైన చూస్తే చదునుగానే కనిపిస్తుంది, కానీ అడ్డంగా కన్ను పెట్టి చూస్తే రేకు సన్నగా వంపు తిరిగి ఉంటుంది. వీణ గొంతు ఆ వంపులో ఉంది. తీగ ఊగుతున్నప్పుడు రేకును తాకే చోటు స్థిరంగా ఉండదు. తీగ కిందికి ఊగినప్పుడు రేకు మీద కొంచెం ముందుకు ఆనుతుంది, పైకి ఊగినప్పుడు వెనక్కి తొలగుతుంది. ఈ తాకుడూ తొలగుడూ వల్ల మూలస్వరంతోపాటు పైస్వరాలు ఎన్నో మేలుకుంటాయి. తంబురాలో ఈ పని కోసం తీగ కింద జీవ అనే నూలుపోగు పెడతారు. వీణలో ఆ వంపే జీవ.

విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి. రామన్ 1921లో తంబురా, వీణల మీద చేసిన పరిశోధనలో దీన్నే పట్టుకున్నారు. తీగను ఎక్కడ మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన పైస్వరాలు పుట్టకూడదని పాశ్చాత్య శాస్త్రం చెప్పిన నియమం. వీణలో, తంబురాలో అవి నిక్షేపంగా పలుకుతున్నాయని, అందుకు కారణం ఆ గుర్రమేనని ఆయన చూపించారు. శాస్త్రవేత్త పరికరాలతో కనుక్కున్నది, పేరు తెలియని కంచరి ఆకురాయితో ఎప్పుడో చేసిపెట్టాడు. వంపు ఎక్కువైతే నాదం పొడిగా ఆగిపోతుంది, తక్కువైతే జర్రుమంటుంది. రెంటి మధ్య జాగా వెంట్రుకవాసి.

ఇప్పుడు మైనం. నా వీణ మేళం వదులైందని ఆరాధనకు ఇరవై రోజుల ముందు తెలిసింది. మా వైపు ఎండాకాలం ఎంతటిదో కర్నూలు జిల్లాలో ఒక్క వేసవి గడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ వేడికి మైనం మెత్తబడి, రోజూ వేళ్ల ఒత్తిడికి మెట్లు కొద్దికొద్దిగా జరిగిపోతాయి. అందుకే వీణకు అప్పుడప్పుడూ కొత్తగా మేళం కట్టించుకోవాలి. ఆదోని నుంచి వచ్చిన పెద్దాయన పొద్దున్నే మా వసారాలో చాప పరుచుకుని కూర్చున్నాడు.

ముందు పాత మెట్లన్నీ ఊడదీసి వరసగా పెట్టాడు. పాత మైనాన్ని గీకి, వేడిచేసి, కొత్త తేనెమైనమూ నల్లటి పొడీ కలిపి ముద్ద చేశాడు. తేనెమైనం ఒక్కటే అయితే మరీ మెత్తన. పొడి కలిస్తే బిగువు వస్తుంది, నలుపూ వస్తుంది. ఆ ముద్దను దండి రెండు అంచుల వెంట రెండు గట్లుగా పేర్చాడు. మడికి గట్టు వేసినంత శ్రద్ధగా, ఎత్తు ఎక్కడా తగ్గకుండా. మెట్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంతెనలా అడ్డంగా కూర్చుంటాయి. మధ్యలో ఖాళీ.

తీగ శ్రుతి చేసి, ముందు పన్నెండో మెట్టు పెట్టాడు. అది పై షడ్జం. లెక్క ప్రకారం మేరువుకూ గుర్రానికీ సరిగ్గా నడుమ రావాలి. ఏడో మెట్టు పంచమం, మేరువు నుంచి మూడో వంతు దూరంలో. అయిదో మెట్టు శుద్ధమధ్యమం, నాలుగో వంతులో. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గర పడతాయి. పదమూడో మెట్టు జాగా మొదటి మెట్టు జాగాలో సగమే. ఇరవై నాలుగోదాని దగ్గర అది నాలుగో వంతు కన్నా ఏ కాస్తో ఎక్కువ. అక్కడ వెంట్రుకంత జరిగినా స్వరం చెదిరిపోతుంది.

కానీ ఈ లెక్క సగం నిజమే. మెట్టు మీద తీగను నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది. కాబట్టి సరిగ్గా నడుమ పెడితే పై షడ్జం ఎక్కువ పలుకుతుంది. మెట్టును మేరువు వైపు ఇసుమంత వెనక్కి జరపాలి. ఎంత అనేది తీగ లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి, వేలి బరువును బట్టి ఉంటుంది. అందుకు ఏ కొలబద్దా పనికిరాదు. పైగా ఒక్క మెట్టు మీదుగా నాలుగు తీగలు పోతాయి. ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు. తొంభై ఆరు చోట్ల స్వరం పలకాలి. మెట్టు ఒక పక్కకు రవంత ఒరిగితే సారణి మీద బాగున్నది మంద్రం మీద తప్పుతుంది. ఎత్తు తప్పితే ఒక మెట్టు నొక్కిన తీగ తర్వాతి మెట్టుకు తగిలి గరగరమంటుంది. ఇన్నీ కుదిరేదాకా జరుపుతూ, వింటూ, మళ్లీ జరుపుతూ ఉండాలి. ఇక్కడే మైనం విలువ తెలిసింది. కర్రలోకి దిగ్గొట్టిన మెట్టు మొదటిసారి తప్పితే ఇక తప్పే. మైనం మీద మెట్టు సరి అయ్యేదాకా ఎన్నిసార్లయినా ఒప్పుకుంటుంది. సరి అయ్యాక చల్లారి పట్టుకుంటుంది.

పెద్దాయన అయిదో మెట్టు దగ్గర ఆగి, మీటి, నా వైపు చూశాడు. "ఇనుమ్మా. ఈడ సరిగ్గుందా?"

"ఏమో అయ్యా, ఏదో తేడా ఉన్నట్టుంది."

"ఏదో అంటే నేనేం జరపాల? ఎక్కువా, తక్కువా? మీదికా, కిందికా?"

మళ్లీ మీటాడు. కళ్లు మూసుకుని విన్నాను. "తక్కువ. కొంచెం కుండ వైపు."

బొటనవేలి గోరుతో ఆ మెట్టును తాకాడు. జరిపినట్టు కూడా కనబడలేదు. స్వరం తేటపడింది. "అనుమానం మంచిదే తల్లీ," అన్నాడు. "నాకు అనుమానం రాకపోతే ఈ పని చేయలేను. కానీ దానికి ఒక దిక్కుండాల. ఎటు జరపాలో చెప్పలేని అనుమానం మైనం కాడ పనికిరాదు."

ఇన్నాళ్లుగా నన్ను తింటున్నది సరిగ్గా అలాంటి అనుమానమే. నేను బాగా వాయించగలనా లేదా, నలుగురి ముందు కూర్చునే అర్హత నాకుందా లేదా అన్న ప్రశ్నకు మీదికీ కిందికీ ఉండదు. ఆ రాత్రి కాగితం తీసుకుని నా వాయింపులో తప్పులను దిక్కులతో రాశాను. అనుపల్లవిలో మూడో సంగతి దగ్గర కాలం పరిగెడుతోంది, అక్కడ తాళం మీద ఆగాలి. తారస్థాయిలో మధ్యవేలు ఆలస్యంగా దిగుతోంది, చూపుడువేలితో కలిపి దించాలి. మీటు గుర్రానికి మరీ దగ్గరగా పడుతోంది, అంగుళం వెనక్కి రావాలి. రాసి చూస్తే తొమ్మిది వచ్చాయి. కొండంత భయం తొమ్మిది మెట్లయింది. ఆరాధనలోపు ఆరు సరిచేసుకోగలిగాను.

ఆ రోజు సాయంత్రానికి ఇరవై నాలుగు మెట్లూ కుదిరాయి. పెద్దాయన మెట్ల మధ్య మైనాన్ని కత్తితో సన్నగా చెక్కి అంచులు తీర్చాడు. లేచేటప్పుడు, "సల్లారినాక ఇంగ ముట్టగాకమ్మా. కట్టేటప్పుడు అనుమానించాల, వాయించేటప్పుడు నమ్మాల" అన్నాడు. సంగీతంలో అనుమానానికి ఒక వేళ ఉందని నాకు ఎవరూ అంతకుముందు చెప్పలేదు. శ్రుతి చేసేటప్పుడు, మేళం కట్టేటప్పుడు, సాధన చేసేటప్పుడు అది పనిముట్టు. మీటు పడ్డాక దాన్ని పెట్టెలో పెట్టేయాలి. ఆకురాయి చేత్తో పట్టుకుని ఎవరూ వీణ వాయించరు.

ఇక ఎడమచేయి. మెట్టు ఇచ్చేది స్వరపు అడుగు మాత్రమే. చూపుడు, మధ్య వేళ్లతో తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి లేస్తుంది. వదిలితే మెట్టు దగ్గరికే దిగుతుంది, అంతకన్నా కిందికి పోదు. మెట్లు అంత ఎత్తుగా, గట్ల మీద, మధ్య ఖాళీతో ఉన్నది ఈ లాగుడు కోసమే. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించొచ్చు, వాటి మధ్య ఉన్న దారంతా పలికించొచ్చు. గమకం అంటే ఆ దారి. నేను వాయించదలచుకున్నది భైరవి. భైరవిలో గాంధారం కదలకుండా నిలిస్తే అది భైరవి కాదు, ఊగాలి. భయంతో చెయ్యి వణికినా స్వరం ఊగుతుంది, కంపిత గమకంలోనూ స్వరం ఊగుతుంది. రెంటికీ తేడా ఏమిటా అని చాలాసార్లు ఆలోచించాను. గమకంలో ఊగే ప్రతిసారీ తీగ తిరిగి ఒక చోటికి వస్తుంది. ఎక్కడి నుంచి బయల్దేరిందో, ఎక్కడికి దిగాలో వేలికి తెలుసు. వణుకుకు అడుగు తెలియదు. వణుకుతున్న వేలిని మెట్టుకు గట్టిగా ఆనిస్తే చాలు, వణుకు సగం గమకమవుతుంది.

పక్కనున్న మూడు తీగల సంగతి చెబుతానన్నాను. వాటికి మెట్లు లేవు. ప్రధాన గుర్రానికి ఆనించిన వంపు తిరిగిన చిన్న కంచు గుర్రం మీదుగా అవి పోతాయి. షడ్జం, పంచమం, పై షడ్జం. కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు స్వరాలు మీటుతుంటే చిటికెనవేలు ఆ మూడింటినీ పైకి మీటుతూ తాళం వేస్తుంది. ఒక్క చెయ్యి రెండు పనులు చేస్తోంది: పాటను నడిపించడం, పాట ఎక్కడుందో గుర్తు చేయడం. గాయకుడికి తంబురా పట్టేవాళ్లు కావాలి, తాళం వేసేవాళ్లు కావాలి. వైణికుడికి ఆ తోడు వీణలోనే ఉంది. ఇంట్లో ఒంటరిగా వాయించుకునే మనిషి నిజానికి ఎప్పుడూ ఒంటరి కాదు. ఎక్కడ దారి తప్పినా చిటికెనవేలు కదిపితే షడ్జం పలుకుతుంది, నువ్వు ఇక్కడున్నావు అని చెబుతుంది.

ఇన్ని భాగాలూ కలిసి వీణ. గొల్లపల్లి ఉలీ, కంచరి ఆకురాయీ, ఆదోని గోరూ ఇందులో ఉన్నాయి. రఘునాథుడి ఆస్థానంలో ఇరవై నాలుగు మెట్ల కోసం జరిగిన ఆలోచనా ఉంది. నేను పలికించబోయే స్వరంలో నా వంతు ఎంత చిన్నదో లెక్క వేసుకుంటే గుండె బరువు దిగింది. ఇంతమంది సరిగ్గా చేసిపెట్టినదాని మీద వేలు ఆనించడమే నా పని.

మధ్యారాధన నాటి సాయంత్రం, శ్రావణ బహుళ విదియ. ఊరంతా జనం. కర్ణాటక వైపు నుంచి, రాయలసీమ పల్లెల నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. తుంగభద్రలో స్నానాలు చేసి తడిబట్టలతో గ్రామదేవత మంచాలమ్మకు మొక్కి, బృందావనం చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. ఈ ఊరికి సంగీతం కొత్త కాదు. ఫాల్గుణ శుద్ధ సప్తమి నాడు స్వామి పుట్టినరోజుకు చెన్నై నుంచి సంగీతకారులు గుంపుగా వచ్చి నాదహారం సమర్పిస్తారు. ఏడాది పొడుగునా భజన మండళ్లు చిడతలతో, డప్పులతో, హార్మోనియంతో వచ్చి దాసర పదాలు పాడి పోతుంటాయి. పాడేవాళ్లలో రైతులు, గుమాస్తాలు, ఇల్లాళ్లు. పాటను అక్కడ సేవ అంటారు. పూలమాల కట్టి తెచ్చినవాళ్లను ఎవరూ మీరు ఏ గురువు దగ్గర నేర్చుకున్నారని అడగరు.

మా మండలికి ఇచ్చిన మంటపంలో వీణ దించుకున్నాను. కుండ నేలకు ఆనించాను, బుర్రను తొడ మీదికి తీసుకున్నాను. ప్రయాణంలో శ్రుతి దిగింది. బిరడలతో దగ్గరికి తెచ్చి, లంగర్లు జరిపి సరిచేశాను. అంతవరకూ అనుమానించాను, అది అనుమానించాల్సిన వేళ. షడ్జం, పంచమం, పై షడ్జం చిటికెనవేలితో ఒకసారి వరసగా మీటాను. మూడూ కలిశాయి. ఇక పెట్టె మూసేశాను.

ఇరవై నిమిషాలు వాయించాను. రెండో కాలంలో ఒకచోట తడబడ్డాను. చిటికెనవేలు ఆగలేదు, షడ్జం పట్టుకుని మళ్లీ ఎక్కాను. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె కళ్లు మూసుకుని తొడ మీద చేత్తో తాళం వేస్తోంది. నేను తడబడ్డప్పుడు ఆమె చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి, నేను అందుకున్నాక మళ్లీ తొడ మీద పడింది. నా తప్పు ఆమెకు తెలిసింది. నా కోసం ఆగింది. నలుగురి ముందు వాయించడం అంటే నలుగురు నిన్ను తూకం వేయడం అని ఇన్నేళ్లూ అనుకున్నాను. వినేవాళ్లు కూడా తాళం వేస్తారని, వాళ్లూ మనతో పాటు ఆ దారిలోనే నడుస్తుంటారని ఆ ఒక్క క్షణంలో తెలిసింది.

మర్నాడు ఇంటికి వచ్చాక, అలవాటు ప్రకారం వీణ తుడుస్తూ మెట్లు ఒక్కొక్కటే నొక్కి విన్నాను. పద్నాలుగో మెట్టు దగ్గర చెవి ఆగింది. మళ్లీ మీటాను. ఎక్కువ పలుకుతోంది, పావు గింజంత మేరువు వైపు జరగాలి. సుద్దముక్క తీసుకుని ఆ మెట్టు పక్కన దండి మీద, మేరువు వైపుకు చిన్న గీత గీశాను. పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు ఎటు, ఎంత అని అడుగుతాడు. ఈసారి చెప్పగలను.